వన్స్‌మోర్ లేని సత్యభామ

కళ్లంలో మిరపకాయల కుప్ప మీద మంచు పడకుండా పట్టాలు కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. కుప్ప పక్కన నులకమంచం. మంచం మీద దుప్పటి ముసుగేసుకుని మా తాతయ్య. 1967లో సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు జరిగిన సంగతి ఇది. ఊళ్లోంచి లాంతరు ఒకటి ఊగుకుంటూ వస్తోంది. ఆ ఊపును బట్టే వచ్చేదెవరో తాతయ్యకు తెలిసిపోయింది. నాయనమ్మ తమ్ముడు, ఊరి నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడిచేవాడు.

వచ్చి, మిరప ఘాటుకు రెండు తుమ్ములు తుమ్మి, మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"బావా, రచ్చబండ కాడ గోడకి కాగితం అంటించారు. శనివారం నుంచి గుడారంలో తులాభారం సినిమా."

తాతయ్య వెంటనే ఏమీ అనలేదట. చుట్ట తీసి, వెలిగించకుండా చేతిలోనే తిప్పాడట.

"పాట ఉంచారంటనా?"

ఏ పాటని హార్మోనియం తాత అడగలేదు. అడగాల్సిన పని లేదు.

"ఉంచారంట. పేటలో చూసొచ్చినోళ్లు చెప్పారు."

"ఎంతసేపుందంట?"

దానికి మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇద్దరూ తెల్లవారుజాము దాకా కన్ను మూయలేదు.

ఈ ముచ్చట నేను చిన్నప్పటి నుంచీ చాలాసార్లు విన్నాను. తాతయ్య చెబుతుంటే నాయనమ్మ మధ్యలో అడ్డుపడి సరిదిద్దేది. కింద రాసిన మాటల్లో సగం వాళ్లవి. మిగతా సగం, వాళ్ల గొంతులు ఇంకా చెవుల్లో ఉన్నాయి కాబట్టి నేను అతికినవి.

మా ఊరు నరసరావుపేటకు అవతల. నల్లరేగడి నేల. వాన పడితే పిక్కల దాకా దిగబడుతుంది, ఎండ కాస్తే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. అప్పటికి పత్తి ఇప్పటంత లేదు. పొగాకు, జొన్న, మిరప. నాటకాలన్నీ పంట ఇంటికొచ్చాకే. కాయలు అమ్ముడై కళ్లం ఖాళీ అయిందంటే అదే రంగస్థలం. నాలుగు గుంజలు పాతి, రెండు పెట్రోమాక్సు లైట్లు కట్టి, పరదా దించితే చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకొచ్చేవారు. తెల్లారేదాకా పద్యాలే.

ఆ కళ్లంలో పదకొండేళ్లు తాతయ్యే సత్యభామ. అరక దున్నే చేతులకు గాజులు తొడుక్కుని, సవరం పెట్టి జడ వేసుకుని, నాయనమ్మ పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని నిలబడేవాడు. ఆ చీర ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అంచు దగ్గర, కుచ్చిళ్లు దోపే చోట, అర్దళం మరక ఒకటి పసుపుపచ్చగా అలాగే మిగిలిపోయింది. వేషం వేసిన వేళ్లతోనే కొంగు సర్దుకున్న గుర్తు. "పోగొట్టే మందుందంట, తెస్తా" అని ఎవరన్నా అంటే నాయనమ్మ ఒప్పుకునేది కాదు.

తాతయ్యను సత్యభామను చేసింది తెనాలిలో చూసిన ఒకే ఒక రాత్రి. ఆ రాత్రి వేదిక మీద సత్యభామ స్థానం నరసింహారావు గారు.

ఆయన కథ బాపట్లలో మొదలైంది. 1902 సెప్టెంబరులో పుట్టారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్న రోజున చంద్రమతి వేషం కట్టాల్సిన నటుడు రాలేదు. నాటకం సంగతి తెలిసినవాళ్లకు తెర వెనకాల ఆ గడియ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎదుట జనం కిక్కిరిసి ఉంటారు. హార్మోనియం శ్రుతి ఇచ్చేసి ఉంటుంది. లోపల అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ ఉంటారు. ఆ లోటు తీర్చడానికి ముందుకొచ్చిన కుర్రాడు స్థానం. వయసు పద్దెనిమిది నిండీ నిండని రోజులు. ఆ ఒక్క పూటకు కట్టిన చీర దాదాపు నలభై ఏళ్లు ఆయన్ను వదల్లేదు. తెనాలి శ్రీరామ విలాస సభలో చేరారు. చిత్రాంగి, మధురవాణి, రోషనార, దేవదేవి, చింతామణి అయ్యారు. 1938లో రంగూన్‌లో తెలుగువాళ్లు బంగారు కిరీటం పెట్టారు. 1956లో పద్మశ్రీ వచ్చింది.

అన్ని వేషాల్లోకీ జనం నోట నిలిచింది సత్యభామ. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో, కృష్ణుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకున్నానన్న ధీమాతో భామ పాడే 'మీరజాలగలడా' పాట స్థానం వారు స్వయంగా రాసుకుని, స్వయంగా పాడుకున్నది. పాట చిన్నది. దాన్ని ఎంత పెద్దది చెయ్యాలన్నది ఆ రాత్రి ఆయన ఇష్టం, జనం ఇష్టం. ఒకే మాటను ఒకసారి గర్వంగా, ఒకసారి గోముగా, ఒకసారి లోపలెక్కడో చిన్న అనుమానం మెదిలినట్టుగా అనేవారట. జనం "వన్స్‌మోర్" అని కేకేస్తే మళ్లీ మొదటికొచ్చేవారు. మళ్లీ వచ్చిన పాట మాత్రం ఇందాకటిది కాదు.

తాతయ్య దీన్ని ఒక్కమాటలో చెప్పేవాడు: "ఆయన రెండోసారి పాడితే రెండో పాటేరా."

అందుకే ఆ రాత్రి కళ్లంలో దిగులు. సినిమా అంటే తాతయ్యకు కోపమేమీ లేదు. పేటకు బండి కట్టుకుని వెళ్లి మాయాబజార్ మూడుసార్లు చూసినవాడు. ఆయన బెంగల్లా పాట గురించే. ముప్పావుగంట కూర్చుని తాగిన గంగాళాన్ని గ్లాసులో పోసి ఇస్తే ఎలా? వన్స్‌మోర్ అని అరిస్తే తెర మీద బొమ్మ ఆగుతుందా?

"బళ్లారి రాఘవ అంతటోడు ఏమయ్యాడు బావా సినిమాలో?" అన్నాడు హార్మోనియం తాత.

అది అప్పటికి ముప్పయ్యేళ్ల నాటి గాయం. 1936లో ఒకే కథ మీద రెండు సినిమాలు పోటీపడి వచ్చాయి. ఒకటి ద్రౌపదీ వస్త్రాపహరణం. దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, ద్రౌపది కన్నాంబ. రెండోది ద్రౌపదీ మానసంరక్షణం. దుర్యోధనుడు బళ్లారి రాఘవ, ద్రౌపది సురభి కమలాబాయి, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. నాటకం వాళ్ల దృష్టిలో రాఘవను మించిన దుర్యోధనుడు లేడు. సినిమా హాళ్లలో మాత్రం వస్త్రాపహరణం గెలిచింది. రెండు వైపులా రంగస్థలం మీద పండినవాళ్లే ఉన్నారు కాబట్టి అది నాటకం మీద సినిమా గెలుపు కాదని నేనంటాను. కానీ నాటకాన్ని ప్రేమించినవాళ్లకు ఆ లెక్క పట్టదు. రాఘవ ఓడిపోయాడు, అంతే.

మొన్నమొన్నటి గాయం ఇంకొకటి. 1965లో విజయా వాళ్ల సత్య హరిశ్చంద్ర. కె.వి.రెడ్డి దర్శకుడు, రామారావు హరిశ్చంద్రుడు. మాయాబజార్ తీసిన చేతులే. అయినా ఆడలేదు. మా వైపు హరిశ్చంద్ర అంటే వేరే నాటకాల్లాంటిది కాదు. సత్య హరిశ్చంద్రీయం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టి, గుంటూరులో సమాజం పెట్టి, తన నాటకంలో తానే నక్షత్రకుడి వేషం కట్టిన మనిషి. కాటిసీనులో నటులు కలుపుకుని పాడే శ్మశానవాటి పద్యాలు వినుకొండ జాషువా గారివి. నాటకం చూసేవాడు కాటిసీను కోసమే రాత్రి రెండింటి దాకా కూర్చుంటాడు. పద్యం పద్యానికీ వన్స్‌మోర్. ఒక్కో రాగం ఎత్తుకుంటే ఎదర కూర్చున్నవాడి గుండెలో ఏదో కదిలేదాకా దించరు. అది రెండున్నర గంటల సినిమాలో ఎక్కడ ఇముడుతుంది?

"పోనీ నాటకం వాళ్లనే పెట్టి తీస్తేనో?" తాతయ్యే అన్నాడు, తనకు తానే సమాధానం చెప్పుకుంటున్నట్టు. "రఘురామయ్య గారి రాయబారం చూశాం కదా."

తెనాలి దగ్గర సుద్దపల్లి మనిషి కళ్యాణం రఘురామయ్య. నోట్లో వేలు పెట్టి ఈల మీద రాగాలు పలికించేవాడు కాబట్టి ఈలపాట రఘురామయ్య. 1960లో శ్రీకృష్ణ రాయబారం సినిమాలో ఆయనే కృష్ణుడు. పద్యం పద్యంలాగే వచ్చింది, గొంతు గొంతులాగే వచ్చింది. కానీ అప్పటికి ఆయనకు అరవై దగ్గరపడింది. నాటకంలో కృష్ణుడి వయసు పెట్రోమాక్సు వెలుతురు దాచిపెడుతుంది, పైగా పద్యం మొదలయ్యాక ఎవరూ మొహం చూడరు. కెమెరా అలా కాదు. దగ్గరికొచ్చి నిలబడుతుంది.

స్థానం వారి విషయంలో ఆ దగ్గరతనం ఇంకా కఠినం. మగవాడు ఆడవేషం కట్టడం వేదిక మీద ఒక ఒప్పందం. చూసేవాడు సగం నమ్మి వస్తాడు, మిగతా సగం నటుడు నమ్మిస్తాడు. మరాఠీ రంగస్థలంలో బాలగంధర్వ అంటే ఆడవాళ్లు ఆయన చీరకట్టు చూసి చీర కట్టుకున్న రోజులున్నాయి. అంతటివాడు 1937లో సాధ్వీ మీరాబాయి సినిమాలో మీరాగా కనిపిస్తే జనం ఒప్పుకోలేదు. పరదేశంలోనూ ఇలాంటి బాధే, కాకపోతే కారణం వేరు. మై ఫెయిర్ లేడీ అనే పాటల నాటకాన్ని న్యూయార్క్‌లో 1956 నుంచి నిలబెట్టిన జూలీ ఆండ్రూస్‌ను పక్కనబెట్టి, 1964లో సినిమాకు ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నారు. తీసుకుని, పాటల్లో చాలామటుకు మార్నీ నిక్సన్ చేత పాడించారు. వేషం ఒకరిది, గొంతు ఒకరిది, ఆ పాత్రను కన్నతల్లి ఇంకొకరు. ఆ నాటకం అభిమానులు ఎంత గింజుకుని ఉంటారో మా కళ్లంలో కూర్చున్న ఇద్దరికీ చెబితే వెంటనే అర్థమయ్యేది.

మన తులాభారంలోనూ అదే జరిగింది. పాట స్థానం వారిది. గొంతు సుశీలది. మొహం జమునది.

జమున పేరు దగ్గరే తాతయ్య దిగులు కాస్త మెత్తబడింది. "దుగ్గిరాల పిల్ల కదరా" అన్నాడట. పుట్టింది హంపిలోనైనా జమున పెరిగింది దుగ్గిరాలలో. తెనాలికి కూతవేటు దూరం. చిన్నతనంలోనే నాటకాల్లో వేసి, అక్కణ్ణుంచి గరికపాటి రాజారావు గారి కంటపడి, 1953లో పుట్టిల్లుతో సినిమాల్లోకి వెళ్లిన అమ్మాయి. 1957లో వినాయక చవితి సినిమాలో ఒకసారి సత్యభామ అయ్యింది కూడా. తెనాలి గాలి సోకినవాళ్లకు స్థానం పాట తెలియకపోవడం ఉండదని తాతయ్య ధీమా. దానికి ఆధారమేమీ లేదు. ఆశకు ఆధారం అక్కర్లేదు కదా.

ఇంకో ఊరట నిర్మాత. రామానాయుడిది కారంచేడు. ఇప్పుడు ప్రకాశం, బాపట్ల అని జిల్లాలు మారాయి గానీ అప్పటికి ఒంగోలు, చీరాల, బాపట్ల, నరసరావుపేట అన్నీ ఒకే గుంటూరు జిల్లా. అదీ నల్లరేగడే. రైసుమిల్లు నడిపిన రైతుబిడ్డ. నమ్మినబంటు షూటింగు ఊరికొస్తే ఎడ్లబండి పందెంలో కనిపించి, ఆ తర్వాత మద్రాసు వెళ్లి 1964లో రాముడు భీముడు తీసి నిలదొక్కుకున్నాడు. తులాభారానికి కమలాకర కామేశ్వరరావును దర్శకుడిగా, పెండ్యాలను సంగీతానికి పెట్టుకున్నాడు. "చీరాల దాటితే బాపట్ల. ఆ పాట తెలియకుండా ఆ ఊళ్లో ఎట్టా పెరుగుతాడు బావా?" అన్నాడు హార్మోనియం తాత.

తాతయ్య అప్పుడు చుట్ట వెలిగించుకున్నాడు.

శనివారం సాయంత్రం ఊరి చివర గుడారంలో 'నమో వెంకటేశా' రికార్డు వేశారు. టూరింగు టాకీసుకు అదే గంట. ఆ పాట వినిపిస్తే ఆట మొదలవబోతోందని చుట్టూ నాలుగు ఊళ్లకు తెలుస్తుంది. పగలంతా తాలుకాయలు ఏరిన ఆడకూలీలు చేతులు మండుతుంటే మజ్జిగతో కడుక్కుని పరుగున వచ్చారు. నేల టిక్కెట్టు వాళ్లు ఇసుక కుప్పలుగా చేసుకుని వాటి మీద కూర్చున్నారు, ముందువాడి తల అడ్డం రాకుండా. నాయనమ్మ ఆడవాళ్ల వైపు, అడ్డంగా కట్టిన తడికె అవతల. తాతయ్య, హార్మోనియం తాత బెంచీ మీద. చుట్టూ సమాజంలో పాత వేషగాళ్లంతా. కృష్ణుడు, నారదుడు, వసంతకుడు, ప్రాంప్టరు కూడా. అందరికీ తల నెరిసింది.

టూరింగు టాకీసులో మిషను ఒకటే. ఒక రీలు అవ్వగానే లైటు వేస్తారు. ఆపరేటరు రీలు మార్చి, కార్బన్ కడ్డీలు సరిచేసి, మళ్లీ లైటు తీస్తాడు. ఆ కాస్త సందులో సోడాలు, వేరుశెనక్కాయలు. పట్నంలో రెండు మిషన్లు పెట్టుకున్న హాళ్లలో ఈ సందు ఉండదు. ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మొదటి గండం పాట కాదు, తన్ను. పారిజాతం పువ్వు రుక్మిణికి ఇచ్చాడని అలిగిన సత్యభామ, బతిమాలబోయిన కృష్ణుణ్ణి కాలితో తన్నే ఘట్టం. నాటకంలో తాతయ్య ఎన్నోసార్లు తన్నాడు. కింద ఉండేది ఊళ్లో వాడే, తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగేవాళ్లు. ఇక్కడ కింద ఉన్నది ఎన్.టి.రామారావు. జమున కాలు లేచింది. గుడారంలో కుర్రాళ్ల గుంపొకటి దిగ్గున లేచి కేకలు మొదలుపెట్టింది. ఇసుక గాల్లోకి లేచింది. ఎవరో తెర మీదికి చెప్పు విసరబోతే పక్కవాడు చెయ్యి పట్టుకున్నాడు.

తాతయ్య బెంచీ మీద నుంచి లేచాడు. నాటకం గొంతు, మైకు అక్కర్లేదు.

"కూకోండ్రా! అది తన్ను కాదు, సరసం. నంది తిమ్మన నాటి నుంచి తంతానే ఉంది భామ. కృష్ణుడికి లేని కోపం మీకెందుకురా?"

పదకొండేళ్లు ఆ కళ్లంలో సత్యభామగా నిలబడినవాడి మాట కాబట్టి కుర్రాళ్లు కూర్చున్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు నాయనమ్మ మొహం వెలిగిపోయేది. తడికె అవతల ఆడవాళ్లంతా తనవైపు తిరిగి చూశారట.

తర్వాత వచ్చింది పాట.

వీణలు మోగాయి. మొదటి పలుకులోనే తాతయ్య గుర్తుపట్టాడు. ఇది కొత్తగా కట్టి పేరు మాత్రం పాతది పెట్టిన పాట కాదు. ఆ పాటే. హార్మోనియం తాత వేళ్లు మోకాలి మీద మెట్లు వెతుక్కుంటున్నాయి. సుశీల గొంతు, ఎక్కడా బెసగని గొంతు, అక్షరం అక్షరం ముత్యంలా దొర్లుతోంది. జమున మెడ తిప్పి ఓరగా చూసింది. కనుబొమ కొద్దిగా లేచింది. మళ్లీ దిగింది. ఆ కనుబొమను నాటకంలో ముందు వరసలోవాడు తప్ప ఎవరూ చూసి ఉండరు. ఇక్కడ ఇసుక మీద చిట్టచివర కూర్చున్న మనిషి కూడా చూశాడు. తడికె అవతల నాయనమ్మా చూసింది. పిల్లల్ని ఒళ్లో వేసుకుని జనం వెనకాల నిలబడి, మొగుడు కట్టిన సత్యభామను నలభై గజాల అవతల నుంచి చూసిన మనిషి, ఆ పాట పాడే మొహాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

పాట అయిపోయింది. తాతయ్య భయపడినంత పనీ అయింది: చాలా తొందరగా అయిపోయింది.

అప్పుడు బెంచీల్లోంచి, పాత వేషగాళ్ల మధ్య నుంచి, ఎవరు ముందు అన్నారో ఇప్పటికీ తేలలేదు, ఒక కేక లేచింది.

"వన్స్‌మోర్!"

అలవాటు నోరు. పక్కనున్నవాళ్లు నవ్వబోయారు గానీ నవ్వు పూర్తికాకముందే ఇంకో గొంతు కలిసింది. ఇంకోటి. తడికె అవతల నుంచి కూడా. "వన్స్‌మోర్, వన్స్‌మోర్" అని గుడారం గుడ్డ ఊగేట్టు కేకలు. బొమ్మ నడుస్తూనే ఉంది. మాటలు ఒక్కటీ వినపడటం లేదు. కాసేపటికి రీలు అయిపోయి లైటు వెలిగింది.

ఆపరేటరు మిషను గదిలోంచి తల బయటపెట్టాడు. పొరుగూరి కుర్రాడు. చెమటలు కక్కుతున్నాడు.

"సినిమాకి వన్స్‌మోర్ ఏంటండీ బాబూ! ఇదేవన్నా నాటకమా?"

హార్మోనియం తాత కాలు ఈడ్చుకుంటూ అతని దగ్గరికి వెళ్లాడు.

"నువ్వు రీలు ఎట్టాగూ వెనక్కి చుట్టాలి కదయ్యా. ఆ చుట్టేదేదో ఇప్పుడే చుట్టు. చుట్టి, పై రీలు ఎక్కించకుండా దీన్నే ఇంకోసారి ఎక్కించు. నీకు పావుగంట ఆలస్యం. రేపు కళ్లానికి రా, రెండు వీశెలు మంచి కాయలు పోస్తాను."

గుడారం యజమాని దూరం నుంచి చూసి తల ఊపాడు. కుర్రాడు లోపలికి వెళ్లాడు. రీలు చుట్టే మర చప్పుడు కిరకిరమని వినిపిస్తోంది. గుడారంలో ఒక్కడు మాట్లాడలేదు. సోడా కొట్టేవాడు కూడా సీసా పట్టుకుని నిలబడిపోయాడు. పరదా లేవబోయే ముందు కళ్లంలో ఎట్లా ఉండేదో అచ్చం అట్లా ఉందని తాతయ్య అనేవాడు.

లైటు ఆరింది. రీలు మొదటినుంచీ నడిచింది. పాట వచ్చింది.

తాతయ్య ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి చూస్తున్నాడు. మెడ అక్కడే తిరిగింది. కనుబొమ అక్కడే లేచింది. సుశీల ఊపిరి ఎక్కడ తీసుకుందో మళ్లీ అక్కడే తీసుకుంది. వెంట్రుకవాసి తేడా లేదు. ఇందాక గర్వంగా అన్న మాట ఇప్పుడు గోముగా వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. అది రాదని తెలిసీ ఎదురుచూశానని నాతో ఎన్నోసార్లు అన్నాడు.

హార్మోనియం తాత చెవిలో చెప్పాడు. "బావా, పాట బాగుంది."

"బాగుంది."

"జమున కూడా."

"చాలా బాగుంది."

కాసేపాగి తాతయ్య అన్నాడు: "మనం అరిచిన సంగతి ఆమెకి తెలీదురా."

ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటింది. నారదుడు కృష్ణుణ్ణి బజారులో బేరం పెట్టే 'భలే మంచి చౌక బేరము' పాటను పాత నారదుడు దారి పొడుగునా పాడుకుంటూ నడిచాడు. అది చందాల కేశవదాసు గారి పాట, అదీ నాటకంలోదే. సినిమా దాన్నీ వదల్లేదని అందరూ సంతోషించారు. తాతయ్యా సంతోషించాడు. మంచు కురుస్తోంది. ఇంటికి పోకుండా నాయనమ్మ కూడా కళ్లం దాకా వచ్చింది. పట్టాలు సరిగా కప్పారో లేదో చూడాలంది.

స్థానం వారు 1971 ఫిబ్రవరిలో పోయారు. రేడియోలో ఆ కబురు విన్న రోజున కూడా మా కళ్లంలో మిరపకాయలే ఉన్నాయట. తాతయ్య ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం దాకా తాలు ఏరుతున్నవాళ్ల మధ్యే కూర్చున్నాడు. తెల్లబారిన కాయలు ఒక పక్కకి, ఎర్రగా మెరిసేవి ఒక పక్కకి. ఎవరూ మాట్లాడటం లేదు. నాయనమ్మ చేతులాడిస్తూనే, తలెత్తకుండా, సన్నగా ఆ పాట అందుకుంది. గుడారంలో రెండుసార్లు విన్న పాట. అచ్చం సుశీల పాడినట్టే, ఊపిరి కూడా అక్కడే తీసుకుంటూ పాడింది.

అయిపోయాక తాతయ్య కాయలు ఏరడం ఆపి, గొంతు సవరించుకుని, చిన్నగా అన్నాడట.

"వన్స్‌మోర్."

నాయనమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి మొదటి మాట దగ్గర ఆగింది. ఆగి, కళ్లు వాల్చుకుని, ఆ మాటను ఎప్పుడో కళ్లంలో జనం వెనకాల నిలబడి విన్నట్టుగా, గోముగా అంది.